టైమ్‌బాక్సింగా, జాబితానా, పొమొడోరోనా: మీ పనికి ఏది కుదురుతుంది?

నెలలో నాకు నాలుగు తారీఖులు ముఖ్యం. 7న టీడీఎస్ (చెల్లింపుల్లో ముందే కోసిన పన్ను) కట్టాలి, 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు) వేయాలి, 14న 2బీ (సరఫరాదారులు చూపిన కొనుగోలు బిల్లుల చిట్టా) వస్తుంది, 20న 3బీ (ఆ నెల జీఎస్టీ కట్టే రిటర్న్) వేయాలి. విజయవాడలో ట్యాక్స్ ప్రాక్టీసు చేసేవాళ్ళని అర్ధరాత్రి లేపి అడిగినా ఈ నాలుగూ తడుముకోకుండా చెప్తారు. తారీఖులు ఇంత కచ్చితంగా ఉన్నప్పుడు రోజు కూడా అంతే కచ్చితంగా నడుస్తుందని బయటివాళ్ళు అనుకుంటారు. ఒక నెల 10వ తారీఖు ఉదయం డైరీలో పదిహేడు పనులు రాసుకున్నాను. తల ఎత్తకుండా పనిచేశాను, భోజనం కూడా కంప్యూటర్ ముందే. రాత్రి ఏడింటికి చూసుకుంటే కొట్టేసినవి అయిదు, కొత్తగా చేరినవి నాలుగు. దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు అంటారు కదా. మాకు దమ్మిడీకి లోటు లేదు గానీ, తీరిక మాట మాత్రం అక్షరాలా నిజం.

ఆ తర్వాత రెండేళ్ళలో పనుల జాబితా, టైమ్ బ్లాకింగ్, టైమ్‌బాక్సింగ్, పొమొడోరో అన్నీ ఒకదాని తర్వాత ఒకటి పట్టుకుని వదిలేశాను. వాటిలో ఏది గొప్పదో తేల్చడం నా వల్ల కాలేదు. ఏ పనికి ఏది పెట్టాలో మాత్రం తెలిసింది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మా తమ్ముడు, ఇంట్లోనే మగ్గం వర్క్ చేసే మా వదిన కూడా వీటిని ప్రయత్నించారు. వాళ్ళ సంగతీ మధ్యలో వస్తుంది.

ముందు ఒక తీసివేత లెక్క

ఏ పద్ధతి ఎంచుకునే ముందైనా, మీ రోజులో నిజంగా మీ చేతిలో ఉండే సమయం ఎంతో లెక్క వేయండి. నాది ఉదయం పది నుంచి రాత్రి ఏడు. అంటే 540 నిమిషాలు. భోజనానికి 45, రెండు టీలకు 30. ఒక వారంపాటు కాగితం మీద గీతలు పెట్టి చూస్తే ఫోన్లకు రోజుకు 90 నిమిషాలు పోతున్నాయి. చెప్పకుండా వచ్చి కూర్చునే పార్టీలకు, అంటే మా క్లయింట్లకు, 60. "సార్, ఒక్క నిమిషం" అంటూ వచ్చే మా ఆఫీసు కుర్రాళ్ళకు 30. మిగిలింది 285. తొమ్మిది గంటల మనిషిననుకున్నవాణ్ణి నాలుగు ముప్పావు గంటల మనిషిగా తేలాను.

పదిహేడు పనులు ఎందుకు కాలేదో ఆ రోజే అర్థమైంది. తప్పు పద్ధతిలో లేదు, తొమ్మిది గంటలు ఉన్నాయనుకోవడంలో ఉంది. ఈ లెక్క వేయకుండా ఏ యాప్ డౌన్‌లోడ్ చేసుకున్నా అదే పదిహేడు పనులు ఈసారి రంగురంగుల గళ్ళలో కనిపిస్తాయి, అంతే.

ఇంకో సంగతి. ఏ పనికి ఎంత పడుతుందో ఊహించడంలో మనుషులందరూ ఒకే వైపు తప్పుతారు. డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్‌స్కీ 1979లోనే దీన్ని గుర్తించి పేరు పెట్టారు. 1994లో రోజర్ బ్యూలర్ బృందం సైకాలజీ విద్యార్థులను, మీ థీసిస్ ఎన్ని రోజుల్లో అవుతుందని అడిగింది. సగటున 33.9 రోజులన్నారు. అన్నీ ఎదురు తిరిగితే ఎన్ని రోజులని అడిగితే 48.6 అన్నారు. పట్టింది 55.5. ఎంత చెడుగా ఊహించుకున్నా నిజం అంతకంటే చెడుగా ఉంది, చూడండి. "జాగ్రత్త కోసం కాస్త ఎక్కువే వేసుకున్నాలే" అన్న ధీమా నాకు ఈ అంకెతో పోయింది.

దీనికి మందు ఊహించడం మానేసి రికార్డు చూడటమే. మా పనిలో ఒక సుఖం ఉంది, ప్రతి నెలా అదే పార్టీ, అదే పని. ఒక హార్డ్‌వేర్ షాపు ఫైలు అట్ట లోపలి వైపు పెన్సిల్‌తో "2బీ మ్యాచింగ్ 70 ని., 3బీ 25 ని." అని రాసి పెడతాను. వచ్చే నెల ప్లాన్‌లో ఆ అంకెలే పడతాయి, నా ఆశలు పడవు.

జాబితా: అందరూ తిట్టేదే, అందరికీ అవసరమైనదే

టైమ్‌బాక్సింగ్ గురించి చెప్పేవాళ్ళు ముందు టు-డూ లిస్టును తిట్టి మొదలుపెడతారు. కొంత న్యాయమే. జాబితాలో సమయం కనిపించదు. "గ్యాస్ బుక్ చేయాలి" అనేదీ ఒక లైనే, "బ్యాంకు స్టేట్‌మెంటు పుస్తకంతో సరిచూడాలి" అనేదీ ఒక లైనే. మొదటిది రెండు నిమిషాలు, రెండోది మూడు గంటలు. సహజంగానే చెయ్యి మొదటి దాని మీదకు పోతుంది. సాయంత్రానికి కొట్టేసిన గీతలు బోలెడు, పెద్ద పని ఉన్న చోటే ఉంటుంది.

కానీ పని దానంతట అది వచ్చి మీద పడే చోట జాబితాను మించింది లేదు. మందుల షాపు, రిసెప్షన్, కలెక్షన్ కౌంటర్, సర్వీస్ సెంటర్ లాంటి వాటిలో రోజుని ముందే గళ్ళు గీసి పెట్టుకోవడం వృథా. ఎవరు ఎప్పుడొస్తారో మీ చేతిలో లేదు. చేతిలో చిన్న జాబితా ఉంటే ఖాళీ దొరికినప్పుడల్లా ఒకటి లాగేయొచ్చు.

జాబితాతోనే ఉండిపోదామనుకుంటే ఒక్క మార్పు చేసుకోండి, ఆరు దాటనివ్వకండి. 1918లో బెత్లెహెమ్ స్టీల్ అధిపతి చార్ల్స్ ష్వాబ్‌కు ఐవీ లీ అనే సలహాదారు ఇదే చెప్పి పెద్ద చెక్కు అందుకున్నాడని మేనేజ్‌మెంట్ క్లాసుల్లో ఒక కథ తిరుగుతుంటుంది. సాయంత్రం లేచే ముందు రేపటి ఆరు పనులు ముఖ్యమైన వరసలో రాయాలి. మొదటిది అయ్యేదాకా రెండో దాని జోలికి పోకూడదు. మిగిలినవి రేపటి ఆరింట్లో చేరతాయి. కథలో అతిశయం ఎంతున్నా పద్ధతి మాత్రం పనిచేస్తుంది. నేను ఆరు కూడా రాయను, నాలుగే.

బ్లాక్ వేరు, బాక్స్ వేరు

ఈ రెండు మాటలను చాలామంది ఒకే అర్థంలో వాడతారు. మా తమ్ముడి ఆఫీసులో కూడా అంతే. కానీ ఎంపిక చేసుకోవాల్సిన చోటు సరిగ్గా ఇదే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

టైమ్ బ్లాకింగ్ అంటే క్యాలెండర్లో ఒక పనికి చోటు కేటాయించడం. పదింటి నుంచి పదకొండున్నర దాకా ఈ రిటర్న్, ఆ టైములో ఇంకే పనీ లేదు. అది పని ఎప్పుడు చేస్తారో చెప్తుంది. పని ఎక్కడ ఆగాలో చెప్పదు. పదకొండున్నరకు పని కాకపోతే పన్నెండు దాకా సాగుతుంది, పక్క బ్లాకు వెనక్కి జరుగుతుంది, దాని వెనకది ఇంకా వెనక్కి. పొద్దున ఒక్క కార్డు కదిలిందంటే మధ్యాహ్నానికి పేకమేడ కిందకి.

టైమ్‌బాక్సింగ్‌లో సమయం కదలదు, పని పరిమాణమే కదులుతుంది. ఈ మాట సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల నుంచి వచ్చింది. 1980ల్లో డ్యూపాంట్ కంపెనీలో ప్రోగ్రాములు తయారుచేసేటప్పుడు వాడారు, 1991లో జేమ్స్ మార్టిన్ రాసిన తర్వాత బయట ప్రచారమైంది. సాఫ్ట్‌వేర్ టీములు ఇప్పుడు వాడే స్క్రమ్ పద్ధతిలో ఉన్నదీ ఇదే. స్ప్రింట్ (ఒక విడత పని) నెల దాటకూడదు, రోజువారీ మీటింగు పదిహేను నిమిషాలు దాటకూడదు. స్ప్రింట్ అయ్యాక ఏది సిద్ధంగా ఉంటే అది చూపిస్తారు. పూర్తికాని ఫీచర్ కోసం తేదీని జరపరు.

దీన్ని ఒక మనిషి రోజులోకి తెచ్చుకుంటే ఇలా ఉంటుంది. మొదలుపెట్టే ముందే, ఈ 48 నిమిషాల్లో ఏం తేలాలో ఒక్క వాక్యం రాసుకుంటారు. గంట కొట్టగానే ఆపేస్తారు. ఆపాక మూడే దారులు: ఉన్నదాన్ని ఉన్నట్టు పంపేయడం, రేపు ఇంకో బాక్స్ ఇవ్వడం, వేరేవాళ్ళకు అప్పగించడం. "ఇంకో పది నిమిషాలు" అనేది నాలుగో దారి. అది పట్టిన రోజు బాక్సింగ్ లేదు, మళ్ళీ బ్లాకింగే.

బాక్స్ ఎందుకు పనిచేస్తుందో 1955లో సి. నార్త్‌కోట్ పార్కిన్సన్ "ది ఎకానమిస్ట్"లో సరదాగా రాశాడు. ఎంత సమయం ఉంటే అంత సమయమూ నిండేదాకా పని సాగుతుందని ఆయన సూత్రం. తీరికగా ఉన్న ఒక ముసలావిడ మేనకోడలికి పోస్టుకార్డు రాయడానికి రోజంతా పడుతుందట. కార్డు వెతకడానికి గంట, కళ్ళజోడు వెతకడానికి ఇంకో గంట, పోస్టు డబ్బా దాకా వెళ్ళడానికి గొడుగు తీసుకోవాలా వద్దా అని ఇరవై నిమిషాలు. నేను మెయిలుకు జవాబు రాసే పద్ధతి చూసి రాసినట్టే ఉంది.

మరి అన్నిటికీ బాక్సే పెట్టేస్తే? నేను అదే చేశాను, దెబ్బ తిన్నాను. 3బీని 40 నిమిషాల బాక్స్‌లో పెట్టాను. నలభై అయ్యాయి, పని తొంభై శాతం అయింది. తొంభై శాతం రిటర్న్ వేయడమంటూ ఉండదు. అంకె సరిపోవాలి, లేకపోతే సున్నా. అప్పుడు తట్టింది, పనులు రెండు జాతులు.

కొన్ని పనులకు ముగింపు పనిలోనే ఉంటుంది. రిటర్న్, జీతాల పట్టిక, ఒక జాకెట్టుకు మగ్గం వర్క్, ఒక పరీక్ష పేపర్ల కట్ట దిద్దడం. సగం చేసి ఇది చాలు అనలేం. వీటికి బ్లాకు పెట్టాలి, రికార్డులో ఉన్న సమయం వేయాలి, వెనకాల కాస్త ఖాళీ వదలాలి.

ఇంకొన్నిటికి ముగింపు మనం పెడితేనే ఉంటుంది. మెయిళ్ళు, వాట్సాప్‌లో వచ్చిన బిల్లుల ఫొటోలు సర్దడం, నోటీసుకు జవాబు డ్రాఫ్టు, ప్రెజెంటేషన్ స్లైడ్లు, కొత్త సెక్షన్ గురించి చదవడం, కొనబోయే ల్యాప్‌టాప్ గురించి వెతకడం. ఎంత చేస్తే అంత. బాక్స్ వీటికోసమే పుట్టింది.

ఒకే పనిలో రెండు జాతులూ కలిసి ఉంటే విడదీయండి. నేను 3బీలో 2బీ మిస్‌మ్యాచ్‌ల ముక్కను బయటికి తీశాను. సరఫరాదారుడి బిల్లు పార్టీ పుస్తకంలో ఉంటుంది, 2బీలో కనపడదు. ఎందుకు కనపడలేదని వెతకడం మొదలుపెడితే సాయంత్రమవుతుంది. ఇప్పుడు దానికి ఒక్క బాక్సే. ఆ టైములో దొరికినవి దొరికాయి. దొరకని బిల్లుల చిట్టా పార్టీకి వాట్సాప్‌లో పంపి, మీ సప్లయర్‌ని అడగండి అంటాను. అంతకుముందు ఆ సప్లయర్లకు నేనే ఫోన్లు చేసేవాణ్ణి! పని తగ్గడానికి కారణం నా వేగం పెరగడం కాదు. గంట కొట్టినప్పుడు "ఇది అసలు నా పనేనా" అని అడగాల్సి వచ్చింది.

పొమొడోరో, మన ఘడియ

పొమొడోరో అంటే ఇటాలియన్‌లో టమాటా. 1980ల చివర్లో ఫ్రాంచెస్కో చిరిల్లో అనే విద్యార్థి చదువు మీద మనసు నిలవక, వంటింట్లో వాడే టమాటా ఆకారపు టైమర్ తిప్పిపెట్టి చదవడం మొదలుపెట్టాడు. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం, అలా నాలుగు అయ్యాక 15 నుంచి 30 నిమిషాల పెద్ద విరామం. పద్ధతి మొత్తం ఇంతే. (ఆయన తెలుగువాడై ఉంటే కుక్కర్ విజిళ్ళు లెక్కపెట్టేవాడని మా వదిన అంటుంది.)

ఇది బాక్సింగ్‌కి చిన్న తమ్ముడే. తేడా ఏమిటంటే బాక్స్‌ని పనిని బట్టి కోస్తారు, పొమొడోరోలో పనినే ఇరవై అయిదు నిమిషాల ముక్కలుగా కోస్తారు. మొదలుపెట్టడానికే ఒళ్ళు బరువెక్కే పనికి ఇది మంచి మందు. గ్రూప్స్‌కి చదివేవాళ్ళు, సీఏ ఇంటర్ పిల్లలు, వాయిదా వేసిన ఫైలు ముందు కూర్చున్న నాలాంటివాళ్ళు వాడొచ్చు. "ఇరవై అయిదు నిమిషాలే కదా" అంటే మనసు ఒప్పుకుంటుంది.

ఒకసారి లోతుకు దిగాక మాత్రం ఆ గంటే శత్రువు. మా తమ్ముడు కోడ్‌లో ఒక బగ్గు వెనకాల నలభై నిమిషాలు నడిచి దాని తోక పట్టుకునే సమయానికి టైమర్ రెండోసారి మోగుతుంది. వాడు మూడు రోజుల్లో మానేశాడు. ఫోన్లు ఆగని నాలాంటి చోట వేరే ఇబ్బంది. మధ్యలో ఫోనెత్తితే ఆ టమాటా చెల్లదని నియమం. ఆ లెక్కన నాకు రోజుకు రెండు టమాటాలు పండితే గొప్ప.

నిమిషాల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. మన పంచాంగంలో రోజుకు అరవై ఘడియలు. ఒక ఘడియ 24 నిమిషాలు, టమాటాకు ఒక్క నిమిషం తక్కువ. రెండు ఘడియలు ఒక ముహూర్తం, అంటే 48 నిమిషాలు, దాదాపు బడిలో ఒక పీరియడ్. ఏడున్నర ఘడియలు ఒక జాము, అంటే మూడు గంటలు. నా బాక్సులకు ఈ కొలతలే పెట్టుకున్నాను. మెయిళ్ళకు ఘడియ, మిస్‌మ్యాచ్‌కి ముహూర్తం, రిటర్న్ బ్లాకుకు అర జాము. గూగుల్ ఇచ్చే అరగంట, గంట గళ్ళ కంటే ఇవే బాగా అమరాయి. గంటలో నలభై ఎనిమిది పని చేస్తే మిగిలిన పన్నెండు నిమిషాలు నీళ్ళు తాగడానికి, ఫోన్లు చూసుకోవడానికి సరిపోతాయి.

గంట కొట్టాక సగంలో లేచిన పని మనసులో వేలాడుతూ ఉంటుందని చాలామంది ఫిర్యాదు చేస్తారు. అది ఉత్త భ్రమ కాదు. ఒక పని పూర్తిగా ముగించకుండా ఇంకో పనికి మారితే కొంత ధ్యాస పాతదాని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ 2009లో చూపించారు. మళ్ళీ ఎక్కడ మొదలుపెట్టాలో చిన్నగా రాసుకుని లేస్తే ఆ బరువు తగ్గుతుందని కూడా తర్వాత ఆవిడే తేల్చారు. కాబట్టి బాక్సులో చివరి రెండు నిమిషాలు పనికి కాదు, చీటీకి. "37వ బిల్లు దగ్గర ఆగాను, తర్వాతది జీఎస్టీ నంబరు తప్పు" అని రాస్తే చాలు.

రోజుకో రకం పని అనే పద్ధతి కూడా ఉంది. సోమవారమంతా ఆడిట్, మంగళవారమంతా పార్టీలు, ఇలా. సొంత సంస్థ ఉండి, పక్కన నలుగురు మనుషులున్నవాళ్ళకు నడుస్తుంది. ఉద్యోగులకు దీని జోలి వద్దు.

ఎవరికి ఏది

మా తమ్ముడి కథ చెప్తే అమెరికా టీములతో పనిచేసేవాళ్ళకు పనికొస్తుంది. వాడి టీము న్యూయార్క్ టైములో ఉంటుంది. అక్కడ ఉదయం తొమ్మిదంటే మనకు వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. వాడు మొదట్లో ఉదయం పది నుంచి రాత్రి తొమ్మిది దాకా అరగంట అరగంట గళ్ళుగా క్యాలెండర్ నింపేశాడు. మూడో రోజుకల్లా గళ్ళన్నీ ఎర్రబడ్డాయి. సాయంత్రం ఆరున్నర తర్వాత సమయం వాడిది కాదన్న సంగతి వాడు లెక్కలోకే తీసుకోలేదు. కాల్స్ సాగుతాయి, ఒక కాల్ ఇంకో కాల్‌ని కంటుంది.

ఇప్పుడు వాడు ప్లాన్ చేసేది పదకొండు నుంచి ఒకటిన్నర, మూడు నుంచి అయిదు మాత్రమే. ఉదయం కోడ్‌కి ఒకే పెద్ద బ్లాకు. దాన్ని క్యాలెండర్లో అందరికీ కనిపించేలా పెడతాడు, కాబట్టి ఎవరూ దాని మీద మీటింగు వేయరు. మధ్యాహ్నం రెండు బాక్సులు, ఒకటి కోడ్ రివ్యూలకు, ఒకటి మెయిళ్ళకు. సాయంత్రం నుంచి ప్లానేమీ లేదు, చిన్న జాబితా మాత్రం. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకు జరుగుతుంది, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి. నవంబర్లో కాల్స్ మనకు గంట ఆలస్యమవుతాయి. ఆ గంటను ఆఫీసుకు ఇవ్వకుండా భోజనాన్ని కాల్స్ కంటే ముందుకు తెచ్చుకున్నాడు. ఏడాదికి రెండుసార్లు ప్లాన్ మార్చుకోవడం వాడి ఉద్యోగంలో భాగం. లండన్ టీములవాళ్ళకు ఇంకా ఇబ్బంది, అక్కడ తొమ్మిదంటే మనకు మధ్యాహ్నం ఒకటిన్నరో రెండున్నరో. వాళ్ళకు మిగిలేది పొద్దుటిపూటే, దాన్ని స్టేటస్ మెయిళ్ళకు ధారపోయకండి.

మా వదినకు బాక్స్ అసలు కుదరలేదు. జర్దోసీ కుట్టు సగంలో ఆపితే మళ్ళీ పట్టు దొరకదంటుంది. పిల్లలు బడి నుంచి వచ్చే సాయంత్రం నాలుగే ఆవిడ రోజుకు గోడ. పొద్దున ఒక బ్లాకు, మధ్యాహ్నం ఒక బ్లాకు, అంతే. కానీ ఏ డిజైన్‌కు ఎన్ని గంటలు పట్టిందో నోట్‌బుక్‌లో రాయడం నా దగ్గర నేర్చుకుంది. రెండు రోజుల పని అనుకుని రేటు చెప్పిన ఒక నెమలి డిజైన్ మూడున్నర రోజులు తింటోందని శ్రావణమాసంలో తేలింది. మాఘమాసం పెళ్ళిళ్ళకు రేటు మార్చింది. నలుగురు బేరమాడారు, ఒకరే తిరిగి వెళ్ళిపోయారు. మా ముగ్గురిలో ఈ వ్యవహారం వల్ల డబ్బు చూసింది ఆవిడొక్కతే.

ఇంకా తేల్చుకోలేకపోతే నిన్న చేసిన పనులు గుర్తు తెచ్చుకోండి. ఎక్కువ భాగం మీద పడ్డ పనులైతే జాబితా చాలు. చేయాల్సింది తెలిసీ మొదలుపెట్టకపోవడమే మీ జబ్బయితే పొమొడోరో. మొదలుపెడతారు గానీ వదలరు, ఒక మెయిలును ముప్పావుగంట చెక్కుతారు, స్లైడుకు రంగులు మార్చుతూ కూర్చుంటారు, అలాంటివాళ్ళకు టైమ్‌బాక్సింగ్. పనికి ఇతరులు అడ్డు రావడమే సమస్య అయితే అందరికీ కనిపించే క్యాలెండర్లో బ్లాకింగ్. నాకు మొదటిదీ మూడోదీ రెండూ ఉన్నాయి, చాలామందికి ఇలాంటి మిశ్రమమే ఉంటుంది. రోజంతా ఒకే పద్ధతిలో నడవాలన్న పంతం వద్దు.

మొదటి వారం ఏ పద్ధతీ పెట్టుకోకండి, నిమిషాలు రాయండి చాలు. రెండో వారం రోజుకు ఒక్కటే బాక్స్. నేను మొదటి రోజే పదకొండు బాక్సులు పెట్టుకుని, సాయంత్రానికి ఇంట్లోవాళ్ళ మీద విసుక్కున్నాను. ప్లాన్ తప్పిన టెన్షన్ పని చేసిన అలసట కంటే ఎక్కువ.

యాప్ కొనాలా?

అక్కర్లేదు. నాకు డైరీ, ఫోన్‌లో టైమర్ సరిపోయాయి. డైరీలో ఉన్న సుఖం ఏమిటంటే, నోటిఫికేషన్ చూడకుండా ప్లాన్ చూడొచ్చు. ఫోన్‌లో ప్లాన్ చూద్దామని తెరిచి వాట్సాప్‌లో తేలిన రోజులు నాకు చాలా ఉన్నాయి.

ఆఫీసులో పదిమంది మీ సమయం అడిగే ఉద్యోగమైతే క్యాలెండర్ తప్పదు. గూగుల్ క్యాలెండర్ సెట్టింగుల్లో స్పీడీ మీటింగ్స్ అని ఉంటుంది. దాన్ని పెట్టుకుంటే మీరు పిలిచే అరగంట మీటింగు అయిదు నిమిషాల ముందే ముగిసేలా, గంట మీటింగు పది నిమిషాల ముందే ముగిసేలా గళ్ళు పడతాయి. అవుట్‌లుక్‌లోనూ ఇలాంటిదే ఉంది. వెంటవెంటనే మీటింగులు ఉండే వాళ్ళు మిగతా అన్నిటికంటే ముందు ఈ ఒక్కటి చేయండి.

నా 18వ తారీఖు

285 నిమిషాలు ఉన్నా నేను 240 మాత్రమే నింపుతాను. 3బీకి రెండు రోజుల ముందు నా డైరీ పేజీ ఇలా ఉంటుంది. పదింటికి వచ్చి పావుగంట వాట్సాప్, మెసేజీలు, బాక్స్. 10.15 నుంచి 11.45 దాకా అందరికంటే పెద్ద పార్టీ రిటర్న్, బ్లాకు. పన్నెండింటికి మిస్‌మ్యాచ్‌లకు ఒక ముహూర్తం. భోజనం తర్వాత మూడుంపావు దాకా తలుపు తీసే ఉంటుంది, వచ్చేవాళ్ళు రావచ్చు. పార్టీలందరికీ ఈ టైమే చెప్పి ఉంచాను. సగం మంది పాటిస్తారు. మూడుంపావుకు నోటీసు జవాబు డ్రాఫ్టు, ఇంకో ముహూర్తం. అయిదింటికి మెయిళ్ళకు ఒక ఘడియ. చివరి పావుగంట రేపటి నాలుగు పనులు రాయడానికి. మిగిలిన 45 నిమిషాలు ఖాళీగా వదిలానని పైకి చెప్పను, చెప్తే ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు.

శుక్రవారమైతే చిన్న సర్దుబాటు. ఒక పార్టీ యజమాని రాహుకాలంలో, అంటే శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా, తన రిటర్న్ సబ్మిట్ నొక్కొద్దంటారు. మొదట్లో విసుగొచ్చేది. ఇప్పుడు ఆ గంటన్నరా ఆయన ఫైలు సరిచూడటానికే వాడతాను, నొక్కేది పన్నెండు దాటాక. నమ్మకాలు ఎలా ఉన్నా, వారం ముందే తెలిసిన టైమును ప్లాన్‌లో పెట్టడం చెప్పకుండా వచ్చే ఫోన్ కంటే తేలిక.

20వ తారీఖున ఇవేవీ ఉండవు. ఆ రోజు బాక్స్ పెట్టుకోవడం వరదలో గట్టు కట్టడమే. పేర్ల జాబితా గోడకు అంటిస్తాం, అయినవి కొట్టేస్తాం, రాత్రి ఎంతవుతుందో అంత. మూడు నెలలకోసారి వేసే చిన్న పార్టీల 3బీకి మన రెండు రాష్ట్రాల్లోనూ 22 దాకా గడువుంటుంది కాబట్టి వాళ్ళ పేర్లు ఆ గోడ మీదకు రానివ్వను.

21న ఆఫీసుకు ఆలస్యంగా వెళ్తాను. ఆ రోజు మొదటి ముహూర్తం కొత్త పనికి ఇవ్వను. ఫైళ్ళు దించుకుని, అట్టల లోపల ఈ నెల పట్టిన నిమిషాలు పెన్సిల్‌తో ఎక్కిస్తాను. హార్డ్‌వేర్ షాపు ఈసారి 70 నుంచి 85కి పెరిగింది. కొత్త బ్రాంచి పెట్టారట.